చూపు పోయిందని చేతులు కట్టేయకండి!

'సర్వేంద్రియాణాం నయనం ప్రధానం' అన్నారు మన పెద్దలు. కాదనడానికి లేదు. కానీ ఆ మాట పట్టుకుని, కళ్ళు పోతే మిగతా నాలుగు ఇంద్రియాలూ, వాటితోపాటు బుద్ధీ కూడా పోయినట్టే అనుకోవడం మాత్రం చాలా తప్పు. మన ఇళ్ళలో జరుగుతున్నది సరిగ్గా అదే.

మీ చుట్టుపక్కల ఒకసారి గమనించండి. యాభై ఏళ్ళ మనిషికి మధుమేహం వల్లనో, నీటికాసుల వల్లనో చూపు పోతుంది. నిన్నటిదాకా ఆయన ఇంటికి పెద్ద. ఇవాళ్టి నుంచి భార్య అన్నం కలిపి పెడుతుంది. కొడుకు బ్యాంకు పుస్తకం తీసుకుంటాడు. కోడలు "మీరు లేవకండి మామయ్యగారూ, పడిపోతారు" అంటుంది. అందరూ ప్రేమతోనే చేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషి మంచం మీద కూలబడి "ఇంక నేనెందుకు?" అంటూ వుంటాడు. ఆయన్ని మంచాన పడేసింది కంటి జబ్బు కాదు, మన అతి సేవ!

ముందు డాక్టరు మాట

చూపు తగ్గగానే 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకోకండి. శుక్లాలైతే ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదుగాని, మిగిలినదాన్ని మందులతో కాపాడుకోవచ్చు. కాబట్టి కంటి డాక్టరు 'ఇంతకంటే చేయగలిగింది లేదు' అన్న తరువాతే ఈ వ్యాసంలోని మిగతా సంగతులు.

అంధత్వం అంటే పూర్తి చీకటే అనుకోకండి. మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనబడేది 3 మీటర్ల లోపుకి వస్తేగాని కనబడకపోతే, అదీ కళ్ళద్దాలు పెట్టుకున్నాక కూడా, చట్టప్రకారం అది అంధత్వమే. అటువంటివారిలో చాలామందికి ఎంతో కొంత వెలుతురు, రంగులు, ఆకారాలు తెలుస్తుంటాయి. 'వున్న చూపు వాడితే అరిగిపోతుంది' అనే భయం వట్టిది. వాడండి! మజ్జిగను ముదురురంగు గ్లాసులో, కాఫీని తెల్ల కప్పులో పోయండి. అన్నం తెల్ల పళ్ళెంలో కాక రంగు పళ్ళెంలో వడ్డించండి. మెట్ల అంచులకు పసుపురంగు వేయించండి. పెద్ద కంటి ఆసుపత్రుల్లో మందచూపు విభాగాలు వుంటాయి. ఎవరికి ఏ భూతద్దం సరిపోతుందో అక్కడ చూసి చెబుతారు.

ఇల్లు ఒక పద్ధతిలో

చూపు లేనివారికి ఇంట్లో మొదటి సూత్రం: ఏ వస్తువు చోటు దానికి వుండాలి. చెప్పులు, చేతికర్ర, కళ్ళద్దాలు, మంచినీళ్ళ చెంబు తీసినచోటే తిరిగి పెట్టాలి. ఈ నియమం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. తలుపులు పూర్తిగా తెరిచిగాని, పూర్తిగా మూసిగాని వుంచండి. సగం తెరిచిన తలుపు నుదుటికి శత్రువు. బట్టలారేసే దండెం తలకంటే ఎత్తున కట్టండి. నేలమీద వున్నదాన్ని చేతికర్ర చెబుతుంది కానీ, గాలిలో వేలాడేదాన్ని చెప్పలేదు.

వంటింటి సంగతి

"పొయ్యి దగ్గరికి ఎలా వెళ్తుందండీ?" అని మీరడగవచ్చు. బియ్యం మీద నీళ్ళు వేలి గణుపుతో కొలవడం మన అమ్మమ్మలు కళ్ళు బాగా వున్న రోజుల్లోనే చేశారు కదా! ఆవాలు చిటపటలాడాయో లేదో మనం చూడం, వింటాం. ఇంగువ వేగినదీ, పప్పు మాడినదీ ముక్కే చెబుతుంది. కందిపప్పుకీ మినపప్పుకీ తేడా వేళ్ళకు తెలుస్తుంది. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకు రెండు వేస్తే చాలు.

జాగ్రత్తలూ కొన్ని వున్నాయి. ముందు గిన్నెను పొయ్యి మీద సరిగ్గా కుదురుగా పెట్టి, ఆ తరువాతే వెలిగించాలి. కొంగు నడుముకు దోపుకోవాలి. పాలకు కూత వేసే మిల్క్ కుక్కర్ వాడాలి. చల్లని పానీయాలు పోసేటప్పుడు వేలి కొసను గ్లాసు అంచు లోపల వుంచితే ఎంత నిండిందో తెలుస్తుంది. మొదట్లో పక్కన ఒకరు నిలబడండి, కానీ గరిటె మాత్రం లాక్కోకండి!

భోజనం వడ్డించేటప్పుడు పళ్ళాన్ని గడియారం అనుకోండి. "ఆరు దగ్గర అన్నం, తొమ్మిది దగ్గర పప్పు, పన్నెండు దగ్గర ఆవకాయ, మూడు దగ్గర కూర" అని చెబితే చాలు. కలుపుకుని తినడం ఆయన చూసుకుంటారు.

వీధిలోకి

తెల్ల చేతికర్ర చాలామందికి సిగ్గు. దాన్ని పట్టుకుంటే 'అందరికీ తెలిసిపోతుంది' అని. తెలియడమే మంచిది! లారీ డ్రైవరుకు తెలియాలి కదా. ఈ కర్ర వూతకర్ర కాదు, నేలను చదివే వేలు. రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకు నేర్పడానికి అమెరికాలో రిచర్డ్ హూవర్ అనే ఆయన రూపొందించిన పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతున్నారు. రొమ్ము ఎత్తు వుండే కర్రను భుజాల వెడల్పున అటూ ఇటూ ఆడించాలి. కుడి అడుగు వేసేటప్పుడు కర్ర కొస ఎడమవైపు తాకాలి. అంటే తరువాత పడబోయే ఎడమ అడుగుకు ముందే దారి తెలుస్తుంది. ఇది చదివి నేర్చుకునేది కాదు, శిక్షకుడి దగ్గర సాధన చేయాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందుకు పునరావాస కేంద్రం వుంది.

చూపు లేనివారికి దేవుడు చెవులు ఎక్కువ ఇస్తాడంటారు. చెవులు అందరికీ అవే. వాళ్ళు శ్రద్ధగా వింటారు, అంతే. ఆ శ్రద్ధ అభ్యాసంతో వస్తుంది.

చదువు, డబ్బు, వుద్యోగం

ఫ్రాన్సులో లూయీ బ్రెయిల్ మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్టు గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నాడు. 1824లో, పదిహేనేళ్ళకే, ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. మన భాషలన్నింటికీ కలిపి భారతీ బ్రెయిల్ 1951లో వచ్చింది. తెలుగు దానితోనే చదువుకోవచ్చు. ఇక ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ తెరమీదిది చదివి వినిపిస్తుంది. కంప్యూటర్‌కు ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

నోట్లు గుర్తుపట్టడం ఎలా? 100 నోటు అంచుల్లో 4 గీతలు, 500 నోటుకు 5 గీతలు చేతికి తగులుతాయి. 200 నోటుకు 4 గీతల మధ్య రెండు చిన్న వలయాలు వుంటాయి. 10, 20, 50 నోట్లను పొడవును బట్టి తెలుసుకోవాలి. చూపు లేదన్న కారణంతో చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించరాదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. కాబట్టి నాన్నగారి బ్యాంకు పుస్తకం నాన్నగారికే ఇచ్చేయండి!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం అంధులకు, మందచూపువారికి. ఇందుకు 40 శాతం వైకల్యం వున్నట్టు ధ్రువపత్రం కావాలి. దానికి బద్ధకించకండి.

మన తెలుగునాట ఇది కొత్త సంగతేమీ కాదు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు, సంస్థానోద్యోగి ఒకరి అంధ కుమారుడికి సంగీతం నేర్పాలన్న తలంపే బీజమని చెబుతారు. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికి కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. గెలిచి చదివాడు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పట్టా పుచ్చుకుని వచ్చి, 2012లో హైదరాబాదులో సొంత పరిశ్రమ పెట్టాడు.

పసిపిల్లలైతే

చూపు లేని పాపను ఎప్పుడూ చంకన వేసుకుని తిరగకండి. కనబడితేనే కదా బొమ్మ కోసం పాకేది! గిలక వాయించి పిలవండి. ప్రతి వస్తువునూ చేతికిచ్చి పేరు చెప్పండి. దెబ్బలు తగిలితే తగలనివ్వండి. నడక నేర్చే ఏ బిడ్డకు తగలవు? 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు చట్టం ఇచ్చింది. బడికి పంపడం ఆలస్యం చేయకండి.

చూపున్నవారికి నాలుగు మాటలు

రోడ్డు దాటించేటప్పుడు చేయి పట్టి లాగకండి. మీ మోచేయి అందించి, అర అడుగు ముందు నడవండి. 'మెట్టు ఎక్కాలి', 'దిగాలి' అని చెప్పండి. పలకరించేటప్పుడు మీ పేరు చెప్పండి. 'నేనెవరో చెప్పుకోండి' అని పరీక్షలు పెట్టకండి. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళండి, లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ వుంటారు. ఆయనను అడగవలసింది ఆయననే అడగండి, పక్కన వున్న భార్యను కాదు.

చూపు పోయిన కొత్తలో దుఃఖం సహజం. ఏడవనివ్వండి. వారాల తరబడి తిండి, నిద్ర లేకుండా, చావు మాటలు మాట్లాడుతుంటే మాత్రం వెంటనే మానసిక వైద్యునికి చూపించండి. మధుమేహం వుంటే పాదాలను రోజూ ఎవరైనా పరీక్షించాలి. ఆయన కాలికి తగిలిన దెబ్బ ఆయనకు కనబడదు, ఒక్కోసారి తెలియదు కూడా.

ఒక్కరోజులో అన్నీ రావు. ఈ వారం తన కాఫీ తాను కలుపుకోనివ్వండి. వచ్చే వారం వీధి చివరి కొట్టుకు వెళ్ళిరానివ్వండి. పది నిమిషాల పనికి అరగంట పట్టినా ఫరవాలేదు. ఆ అరగంటా ఆయన తన కాళ్ళమీద తాను నిలబడ్డాడన్నమాట!