దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు: వార్త ఆ రాత్రే, తీర్పు దాదాపు నాలుగేళ్లకు

నగరంలో పెద్ద దుర్ఘటన జరిగిన తొలి గంటల్లో ప్రజలు తెలుసుకోగోరేది ఎంతో ఉంటుంది, నిర్ధారణ అయినది మాత్రం చాలా కొద్దిగా ఉంటుంది. వార్తా మాధ్యమాల విశ్వసనీయత, అంటే ఫలానా పత్రికో ఛానలో చెప్పింది కాబట్టి నమ్మవచ్చునని సామాన్యుడు పెట్టుకునే భరోసా, నిజంగా పరీక్షకు నిలిచేది ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే. తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జరిగిన జంట పేలుళ్లను, ఆ తరువాత పన్నెండేళ్లపాటు సాగిన న్యాయప్రక్రియను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఖాళీ ఎంతటిదో అర్థమవుతుంది.

ఆ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో, 107 నంబరు బస్టాపు వద్ద ఒకటి, దానికి కాస్త దూరంలోని ఏ-1 మిర్చి సెంటర్ వద్ద మరొకటి, సైకిళ్లకు అమర్చిన బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వైపు సాగే ఈ రహదారికి ఇరువైపులా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, దుకాణాలు, సినిమా హాళ్లు కిక్కిరిసి ఉంటాయి కనుక, నల్గొండ, ఖమ్మం మొదలుకొని కోస్తా జిల్లాల దాకా తమ పిల్లలను ఇక్కడ చదువుకు పంపిన కుటుంబాలు టీవీల ముందు కూర్చున్నాయి. అవి ఎదురుచూసింది విశ్లేషణ కోసం కాదు. ఎందరు పోయారు, ఎవరు పోయారు, గాయపడినవారు ఏ ఆస్పత్రిలో ఉన్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు కోసం.

ఆ మూడింటిలో మొదటి ప్రశ్నకే స్థిరమైన జవాబు లేదు. అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్ కుమార్ షిండే ఆ రాత్రి పదకొండు మంది మరణించారని ప్రకటించగా, తరువాతి రోజుల్లో ఆ సంఖ్య పెరుగుతూ వచ్చి, చివరకు గర్భస్థ శిశువుతో కలిపి 18 మంది మృతులు, 131 మంది క్షతగాత్రులు అన్న లెక్క కేసు రికార్డుల్లో నిలిచింది. క్షతగాత్రులను ఉస్మానియాకు, మలక్‌పేట, కొత్తపేటల్లోని ప్రైవేటు ఆస్పత్రులకు తరలించడం, పేలుళ్లు జరిగిన రెండు చోట్లలో ఒకటి మలక్‌పేట పోలీసు స్టేషన్ కిందికి, రెండవది సరూర్‌నగర్ స్టేషన్ కిందికి, అంటే అప్పటి హైదరాబాద్, సైబరాబాద్ కమిషనరేట్లకు విడివిడిగా రావడం వంటి కారణాలుండగా తొలి రాత్రే కచ్చితమైన అంకె దొరకాలనుకోవడం అత్యాశ. అంకె మారడం అబద్ధం కాదు. ‘ఇది ఇప్పటివరకు తెలిసిన లెక్క, పెరగవచ్చు, చెప్పినవారు ఫలానా అధికారి’ అన్న ముక్క జోడించకుండా ఒకే అంకెను తెరపై ఎర్రరంగులో తిప్పడంలోనే దోషమంతా ఉంది.

మృతుల లెక్కకన్నా నిందితుల విషయంలో జరిగే తొందరపాటు మరింత హానికరం. ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న ఒక క్షతగాత్రుణ్నే ఒక వర్గం మీడియా అనుమానితుడిగా చూపిన ఉదంతం ఈ పేలుళ్ల తరువాత జరిగింది. హైదరాబాద్‌కు ఇది కొత్త కూడా కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పెద్ద సంఖ్యలో ముస్లిం యువకులను పోలీసులు అదుపులోకి తీసుకోగా, వారిపై పెట్టిన కేసులు న్యాయస్థానాల్లో నిలవలేదు. ప్రభుత్వమే కొందరికి నష్టపరిహారం చెల్లించగా ఆ చెల్లింపును 2013లో హైకోర్టు కొట్టివేసింది. దర్యాప్తు దిశ మారి మరికొందరిపై మోపిన అభియోగాలు కూడా రుజువు కాక 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ విడుదలయ్యారు. ఇన్ని మలుపులు తిరిగిన కేసులో తొలి వారం పతాక శీర్షికల్లో కనిపించిన నిశ్చయాత్మకత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ శీర్షికలు పెట్టినవారే చెప్పాలి. నిప్పు లేనిదే పొగ రాదనే సామెతను జనం ఇలాంటి సందర్భాల్లో వాడుకుంటారు గనుక, నిర్దోషిగా బయటపడిన మనిషికి ఇల్లు అద్దెకు దొరకడమూ ఉద్యోగం దొరకడమూ కష్టమవుతాయి.

దిల్‌సుఖ్‌నగర్ కేసును చేపట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ, అంటే ఉగ్రవాద నేరాల కోసం 2008 చట్టం ద్వారా ఏర్పడిన ఎన్‌ఐఏ, 157 మంది సాక్షులను విచారణలో నిలబెట్టింది. చర్లపల్లి జైలు ఆవరణలోని ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబర్ 13న ఉగ్రవాద సంస్థ ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన యాసిన్ భత్కల్‌తో సహా ఐదుగురిని దోషులుగా తేల్చి, అదే నెల 19న మరణశిక్ష విధించగా, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ధ్రువీకరించింది. ప్రధాన నిందితుడిగా పేర్కొన్న రియాజ్ భత్కల్ విచారణకు దొరకనే లేదు. న్యాయస్థానం నేరనిర్ధారణ చేయడానికి దాదాపు మూడేళ్ల పది నెలలు తీసుకున్న విషయాన్ని స్టూడియో చర్చలు ఒక్క రాత్రిలో తేల్చేయజూడటం విచిత్రమే.

ఈ జాడ్యం తెలుగు ఛానళ్లది మాత్రమే అనుకుంటే పొరపాటు. దిల్‌సుఖ్‌నగర్ ఘటన జరిగిన రెండు నెలలలోపే, 2013 ఏప్రిల్ 15న అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు, నిందితుడు అరెస్టయ్యాడని సీఎన్‌ఎన్ పొరపాటున ప్రకటించి వెనక్కి తీసుకుంది. న్యూయార్క్ పోస్ట్ పత్రిక నేరంతో ఏ సంబంధమూ లేని ఇద్దరి ఫొటోను మొదటి పేజీలో అచ్చువేసి, తరువాత వారు వేసిన పరువునష్టం దావాను రాజీతో ముగించుకుంది.

మరి మన దేశంలో తప్పు రాసినవారిని అడిగేదెవరు? 1978 చట్టం కింద పనిచేసే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరిధి పత్రికలకు, వార్తా సంస్థలకు మాత్రమే పరిమితం. అది హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. టీవీ వార్తల కోసం 2008లో ఛానళ్లే స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న ప్రమాణాల సంస్థకు జస్టిస్ జె.ఎస్.వర్మ తొలి అధ్యక్షుడిగా వ్యవహరించినా, సభ్యత్వం లేని ఛానళ్లపై దాని మాట చెల్లదు. ఉగ్రవాదులపై భద్రతా దళాల చర్య సాగుతుండగా ప్రత్యక్ష ప్రసారం చేయరాదన్న కేబుల్ టీవీ నిబంధన 2015లో వచ్చింది గాని, అది భద్రతకు సంబంధించినదే తప్ప సత్యనిర్ధారణకు కాదు.

ఈలోగా సమాచారం ఛానళ్ల చేతుల్లోంచి కూడా జారిపోయింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు తెలంగాణ అంతటా వ్యాపించి, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణాన్ని బలిగొన్నాయి. అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, జానపద కళాకారుల చేత పాటల రూపంలో జనానికి చెప్పించిన తీరు అనుసరణీయం; ఎందుకంటే ఖండన ప్రకటన పత్రికలో ఏ మూలో వస్తే, వదంతి విన్నవారిలో ఎందరు దాన్ని చదువుతారు? ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి విధించింది. హైదరాబాద్ నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు పాత ఫొటోలకు కొత్త కథలు అంటించే పోస్టుల గుట్టును తెలుగులోనే విప్పుతున్నాయి. అయితే నిజాన్ని సరిచూడటం వేరే సంస్థలు చేసే ప్రత్యేక సేవగా మారడం, అసలు వార్తా విభాగాలు ఆ పనిని ఎంతగా వదిలేశాయో తెలిపే లక్షణమే.

ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయ నియమావళి ప్రకారం పొరపాటు బయటపడిన వెంటనే తగిన ప్రాధాన్యంతో సవరణ ప్రచురించాలి. ఛానళ్లకైనా పత్రికలకైనా ‘తగిన ప్రాధాన్యం’ అంటే తప్పు ఏ వేళలో, ఎంత పెద్ద అక్షరాల్లో వెళ్లిందో సవరణ కూడా అదే వేళలో, అంతే పెద్ద అక్షరాల్లో వెళ్లడమేనని తెలుగు సంపాదకులు తమకు తామే ఒక నియమం పెట్టుకోవాలి. పేరు వేసి నిందితుడన్న వ్యక్తిని కోర్టు విడుదల చేసిన రోజున ఆ వార్త కూడా మొదటి పేజీలోనే రావాలి. రాకపోతే ఎందుకు రాలేదని పాఠకులు ఆ పత్రికకు ఉత్తరం రాసి నిలదీయాలి.