గజ ఈతగాని గడియారము, దాని పట్టీ

హైదరాబాదు నగరమునకు సముద్రము మిక్కిలి దూరము. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన పీఠభూమిపై వెలసిన యీ పట్టణమున జలరాశి యన్నచో హుస్సేను సాగరము, ఉస్మాను సాగరము, హిమాయతు సాగరము, మాదాపురపు బండరాళ్ల నడుమ నణగియున్న దుర్గము చెరువు, ఇంతియే. ఐనను ఆ దుర్గము చెరువునకు కూతవేటు దూరమున, హైటెక్ సిటీ కార్యాలయములలో యంత్రముల ముందు కూర్చుండి పనిచేయువారి ముంజేతులను పరికించితిమేని, 200 మీటర్ల లోతునకైనను ఓర్చునని వ్రాయబడిన గడియారములు పెక్కు కాననగును. దుర్గము చెరువును ఎంత త్రవ్వినను అంత లోతు దొరకదు! ఇవి గజ ఈతగాండ్ర కొరకు పుట్టిన గడియారములు. మెట్టనేలపై నివసించు మనవారు వీనిని మోజుపడి కొనుచున్నారు. కొందరిండ్లలో నివి తండ్రితాతలనుండి సంక్రమించినవి. వీనిని ధరించుట సులభమే. పట్టీ తెగిన నాడు మాత్రము చిక్కు వచ్చును. ఆ చిక్కును గూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సోదరీమణులలో కొందరు, "మగవారి మోటు గడియారములతో మనకేమి పని?" యని యడుగవచ్చును. ఇంటిలో నే వస్తువు నుంచవలెను, ఏది పారవేయవలెను అను తీర్పు తరచు మనదే కదా. అదియునుగాక ఈ గడియారము వంటింటికి పనికివచ్చునట్టిది. దాని ముఖము చుట్టును త్రిప్పుటకు వీలగు నొక వలయ ముండును. ఆ వలయముపై గల గుర్తును నిమిషముల ముల్లునకు ఎదురుగా నుంచినచో, అప్పటినుండి యెన్ని నిమిషములు గడచెనో లెక్కవేయకయే తెలియును. నీట మునిగినవానికి గాలి యెంత మిగిలెనో తెలుపుటకై యేర్పడిన యీ యుపాయము, పప్పు ఉడుకునో లేదో చూచుకొనుటకును, పిల్లవానిని చదువునకు కూర్చుండబెట్టి యరగంట లెక్కించుటకును అంతే చక్కగా నుపకరించును.

నీటికి చెడని చేతి గడియారమును లోకమునకు చాటినది యొక స్త్రీయే యన్న సంగతి మన చదువరులకు సంతోషము గూర్చును. మెర్సిడీస్ గ్లైట్జ్ అను నామె లండనులో టైపు యంత్రముపై పనిచేసి పొట్టపోసికొనిన యువతి. 1927 అక్టోబరు 7వ తేదీన నామె ఇంగ్లీషు ఖాతమును ఈదెను. అట్లు ఈదిన బ్రిటిషు స్త్రీలలో నామెయే మొదటిది. కొలది దినములకు మరియొక స్త్రీ తానును ఈదితినని బొంకి పట్టుబడుటచే, గ్లైట్జ్ మాటను సైతము కొందరు శంకించిరి. అంతట నామె అక్టోబరు 21వ తేదీన మరల నీట దిగెను. ఈసారి ఆమె మెడలో రోలెక్సు వారి ఆయిస్టరు గడియారము వ్రేలాడుచుండెను. చలికి శరీరము కొంకర్లుపోయి పది గంటలకు పైగా ఈదిన పిమ్మట నామెను పడవలోనికి తీయవలసి వచ్చెను గాని, గడియారము మాత్రము చెక్కుచెదరక నడచెను. ఆ గడియారము కీర్తి పత్రికల కెక్కెను. ఆమెయు మెడలో వ్రేలాడగట్టుకొన్నదే గాని చేతికి కట్టలేదు సుమా! పట్టీని నమ్ముట కష్టమని యామెకును తోచెనేమో.

తరువాత 1953వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశములవారు నిజమైన గజ ఈతగాని గడియారములను చేసిరి. జపానులో సీకో వారు 1965లో 150 మీటర్ల లోతున కోర్చు దానిని విడుదల చేసిరి. 1968లో హిరోషిమా పరగణాలోని కూరె పట్టణమునుండి యొక గజ ఈతగాడు వారికి జాబు వ్రాసెను. సముద్రగర్భమున చిరకాలము పనిచేయు తనవంటివారికి ఏ గడియారమును నిలువకున్నదని యాతని మొర. ఆ యొక్క జాబు ఫలితముగా ఇకువో తొకునగ అను నింజనీరు పూనికతో ఏడేండ్లు శ్రమించి, 1975లో 600 మీటర్ల కోర్చు వింత గడియారమును వారు నిర్మించిరి. లోపలి కేసునకు చుట్టును గిన్నెవంటి కవచము తొడుగుటచే నది ట్యూనా చేపలు నిలువయుంచు రేకుడబ్బా వలె నుండును. జనులు దానికి ఆ డబ్బా పేరే పెట్టిరి. వినియోగించువారు వ్రాసిన జాబును చెత్తబుట్టలో వేయని సంస్థలను మేము గౌరవింతుము.

ఆ గడియారముతో పాటు పట్టీయు మారెను. నీటిలో పది మీటర్లు దిగినప్పుడెల్ల ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. అంతట గజ ఈతగాడు తొడిగిన రబ్బరు దుస్తు నొక్కుకొనిపోయి పలుచనగును. పైన బిగువుగా కట్టుకొన్న గడియారము అడుగున వదులై చేతిపై జారును. ఇందులకు విరుగుడుగా, హార్మనీ పెట్టె తిత్తి వలె మడతలు మడతలుగా నుండు రబ్బరు పట్టీని కల్పించిరి. పైన కట్టునప్పుడు ఆ మడతలు సాగియుండును. లోతునకు పోయినకొలది ముడుచుకొని చేతి నంటియుండును. మన జడకుచ్చుల దారమువలె మిక్కిలి సామాన్యమైన యుపాయమే గాని, ప్రాణము కాపాడునది.

ఇక మా యెరుకలోని యొక ఉదంతము. కొండాపురమున మాకు పొరుగున నున్న యొక యువతి మాదాపురమున నుద్యోగము చేయుచున్నది. ఆమె తండ్రి విశాఖపట్టణమున నోడల అడుగుభాగములను పరీక్షించు గజ ఈతగాడు. 1980ల దశకమున నొక యోడవాని వలన నాయనకు సీకో వారి డబ్బా గడియారము, 300 మీటర్లది, లభించెను. ముప్పదియేండ్లు దానిని చేతినుండి తీసియెరుగడు. ఆయన గతించిన పిదప తల్లి ఆ గడియారమును కుమార్తె చేతిలో పెట్టెను. బ్యాటరీ వేయగనే నడచినది. పట్టీ మాత్రము బీటలువారి, మడతలయొద్ద పొడిపొడిగా రాలిపోవుచుండెను. రబ్బరునకు ఉప్పునీరు, చెమట, ఎండ మూడును శత్రువులే.

ఆమెతో కూడ మేమును దుకాణములకు తిరిగితిమి. సమీపమున నున్న పెద్ద అంగడిలోని కుర్రవాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "ఇంత పాతది యేల మేడం? దీనిలో సగము బరువు లేని క్రొత్తది చూపెదను" అనెను. రెండవచోట ఒక తోలు పట్టీని తగిలించి యిచ్చిరి. అది రెండు దినములే యుండెను. మూడవనాడు హైటెక్ సిటీ మెట్రో స్టేషను మెట్లపై ఆమె దిగుచుండగా నొకవైపు పిన్ను ఊడి గడియారము చేతినుండి జారెను. అదృష్టవశమున చున్నీ మడతలో చిక్కుకొనుటచే దక్కెను. ఆమె మొగము నాడు తెల్లబారుట మేము చూచితిమి. మూడవ దుకాణమువాడు మరియు ఘనుడు. కొమ్ములను కొంచెము ఆకురాయితో అరగదీసినచో ఏ పట్టీయైనను పట్టునని చెప్పెను! ఆమె గడియారమును గుప్పిట బిగించుకొని బయటికి వచ్చినది.

తుదకు మెట్రోలో అమీరుపేటయొద్ద బండి మారి కోఠీకి పోయితిమి. అచట సందులో, మనిషి కూర్చుండుటకు మాత్రమే చాలిన గూటిలో, కంటికి భూతద్దము తగిలించుకొని యొక వృద్ధుడు పనిచేయుచుండెను. గడియారమును చూచి చూడగనే, "ఈ పిన్ను దీనిది కాదు బేటీ" అనెను. ఆయన పడుచుదనమున అల్విను గడియారముల కర్మాగారమున పనిచేసెనట.

నేటి యువతులకు ఆ పేరు మియాపురము దగ్గరి అల్విను చౌరస్తాగా మాత్రమే తెలియును. హైదరాబాదు అల్విను సంస్థ నిజాము కాలమున 1942లో పుట్టినది. ఇనుప బీరువాలు, బస్సుల పైకట్టడములు, శీతలపు పెట్టెలు చేసినది. 1980ల దశకమున నీ జపాను సీకో వారి సాంకేతిక సహాయముతోనే చేతి గడియారములను గూడ ఈ నగరముననే తయారుచేసినది. ఎందరో పెండ్లికుమారుల కట్నపు గడియారములవి. ఆ కర్మాగారము మూతపడినది గాని, అచట నేర్చిన చేతులు కొన్ని ఇంకను కోఠీ సందులలో పనిచేయుచున్నవన్నమాట. ప్రభుత్వములు యంత్రములకు వెలకట్టి యమ్మగలవు. చేతిలోని విద్యకు వెలకట్టువా రెవ్వరు?

ఆ వృద్ధుడు చెప్పిన సంగతి ప్రతి గృహమున తెలియదగినది. గడియారపు కేసునకు పైన రెండు, క్రింద రెండు కొమ్ము లుండును. వాని నడుమ సన్నని గొట్టమువంటి పిన్ను ఇరుకుకొని యుండును. పిన్నులో స్ప్రింగు గలదు. కొనలు లోనికి పోయి, కొమ్ముల లోపలి బెజ్జములలో మరల బయటికి వచ్చి కూర్చుండును. బజారులో దొరకు మామూలు పిన్నులు ఒకటిన్నర మొదలు ఒకటి ముప్పాతిక మిల్లీమీటర్ల లావుండును. సీకో వారి గజ ఈతగాని గడియారములకు రెండున్నర మిల్లీమీటర్ల లావు పిన్నులు వాడుదురు, కొనలును లావే, వానికి తగినట్లు బెజ్జములును పెద్దవి. పెద్ద బెజ్జములో సన్నని కొనను పెట్టినచో ఆనాటికి నిలిచినట్లే తోచును. చేయి కదలినకొలది అది ఆడియాడి యొకనాడు ఊడును. తోలు పట్టీలో లావు పిన్ను దూరదు గనుక దుకాణమువాడు సన్నదానిని పెట్టియుండును. పట్టీ కొలత 22 మిల్లీమీటర్లు సరిపోయినది. పిన్ను కొలతను చూచినవాడు లేడు.

ఆ వృద్ధుడు తన రేకుపెట్టె వెదకి రెండు లావు పిన్నులు తీసి యిచ్చెను. పట్టీ మాత్రము తనయొద్ద లేదనియు, ఇంటియొద్ద మీరే వేసికొనవచ్చుననియు చెప్పి, వేయు విధమును చూపెను. ఆమె రాత్రి భోజనముల బల్లపై తానే వేసికొన్నది. ఆ విధ మిది.

మొదట కొమ్ముల నడుమ ఖాళీని కొలువవలెను. అందులకు యంత్రము లక్కరలేదు. దళసరి కాగితమును సన్నగా కత్తిరించి, కొమ్ముల నడుమ సరిగ ఇమిడినంతవరకు అంచు తీయుచు, పిమ్మట ఆ కాగితమును పిల్లల స్కేలుపై పెట్టి చూచినచో మిల్లీమీటర్లు తెలియును. సామాన్యముగా నవి 18, 20, 22, 24 అను సరిసంఖ్యలుగా నుండును. పిదప కొమ్ములకు గీతలు పడకుండ అతుకు కాగితమును అంటింపవలెను. చివర చీలియున్న సన్నని పనిముట్టు గడియారపు సామానుల దుకాణములలో దొరకును; దానిని పట్టీకిని కొమ్మునకును నడుమ దూర్చి పిన్ను భుజమును లోనికి నొక్కవలెను. డబ్బా గడియారమునకు కవచము అడ్డుండుటచే పనిముట్టును ఏటవాలుగ పట్టవలసి యుండును; ఇచట తొందర పనికిరాదు. పిన్ను ఒక్కొక్కప్పుడు మిడుతవలె ఎగిరిపోవును. అందుచే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి, లోపలనే పనిచేయుట మేలు. పిన్ను కూర్చున్న తరువాత పట్టీని గట్టిగా లాగి చూడవలెను. గజ ఈతగాని గడియారములకై యేర్పడిన 6425 అంకెగల అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి, ఒక్కొక్క బంధనము 200 న్యూటన్ల లాగుడున కోర్వవలెను. అనగా ఇంచుమించు ఇరువది కిలోల బరువు. మన లాగుడు దానిముందు లెక్కకాదు గనుక భయపడక లాగవచ్చును.

ఆమె యెన్నుకొన్నది నైలాను పట్టీ. 1973లో బ్రిటిషు రక్షణశాఖ వారు తమ సైనికులకై నిర్ణయించిన మాదిరి యిది. అఖండముగా నుండు నొకే పేట రెండు పిన్నుల క్రిందుగా పోవును. ఒక పిన్ను ఊడినను రెండవది గడియారమును పట్టియుండును. మెట్రో మెట్లపై నది యుండియున్నచో ఆనాటి గుండెదడ తప్పియుండును. మడతల రబ్బరు పట్టీలు నేడును దొరకును గాని, అవి దుస్తుపై కట్టుకొను పురుషుల మణికట్టుల కొరకు చేసినవి. స్త్రీల చేతికి తోకవలె వ్రేలాడును.

ఒక హెచ్చరిక. పట్టీ మార్చుటవలన నీరు చొరదు. అంతమాత్రమున నలువదియేండ్ల గడియారముతో ఈతకొలనులో దిగరాదు. లోపలి రబ్బరు చుట్లు గట్టిపడి పగిలియుండును. వానిని మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించిన తరువాతనే నీటి మాట. ఇందు మరియొక మెలిక గలదు. 600 మీటర్ల రకమునకు వెనుక మూతయే యుండదు, ముందువైపునుండి తెరువవలెను. తెలియనివాడు వెనుకనుండి తీయబోయిన గడియారము దక్కదు.

క్రొత్తగా కొనదలచినవారు, ముఖ్యముగా భర్తకో తమ్మునికో కానుక యీయదలచినవారు, ముఖమును చూచి మురియుటకు ముందు కొమ్ములను చూడుడు. కొందరు తయారీదారులు పట్టీ మొదలును తమ కేసునకు మాత్రమే యిమిడెడు వింత ఆకారమున కోసి, మరియొకరి పట్టీ పట్టకుండ చేయుదురు. ఆ పట్టీ చేయుట వారు మానివేసిన నాడు గడియారము నడచుచుండగనే మూలబడును. మెత్తని పాలీయురెథేను పట్టీలు చెమ్మకు ఏండ్లు గడచినకొలది వాటంతట నవే విరియును. ఇట్టి వానిని కొనువారు కొన్ననాడే మరియొక పట్టీని గూడ కొని, ఎండ తగులని చోట దాచుకొనుట యుక్తమని మా యభిప్రాయము.

నైలాను పట్టీ పొడవైనచో చింతిల్లనక్కరలేదు. చివరను ఏటవాలుగ కత్తిరించి, క్రొవ్వొత్తి మంటకు క్షణకాలము చూపినచో అంచు కరగి పోగులు విడవక నిలుచును. బెజ్జము చాలనిచో లావు సూదిని పట్టకారుతో పట్టి ఎర్రగ కాల్చి గుచ్చవలెను. చుట్టును కరగి తానే గట్టిపడును. మా పొరుగు యువతి చేతికి మూడు క్రొత్త బెజ్జములు పట్టెను. వారమున కొకసారి సబ్బునీట నుతికి నీడన ఆరవేసినచో చెమట వాసన పట్టదు. ఆరునంతవరకు గడియారమును ముఖము క్రిందుగా పెట్టకుండుడు.