స్టీరింగు చెప్పే మాట

దమ్ము చేసిన మడిలో ట్రాక్టరు నడిపినవారికి తెలుసు: ముందు చక్రాలు పట్టు తప్పుతున్నాయంటే స్టీరింగు చేతిలో తేలికైపోతుంది. కంటికంటే ముందు చేతికే తెలుస్తుంది. కంప్యూటరు మీద కారు పందేలు ఆడేవారికి ఆ స్పర్శ అందించాలనే ఆట స్టీరింగులో మోటారు పెడతారు. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటాం.

మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు స్టీరింగును తిన్నగా తేవాలని లాగుతాయి. ఆ లాగుడును కంప్యూటరు లెక్కగట్టి మోటారుకు పంపుతుంది. టైరు పట్టు హద్దుకు చేరకముందే లాగుడు తగ్గనారంభిస్తుంది. అదే మనకు హెచ్చరిక.

మొదట్లో నేను గెయిన్ నూటికి నూరు పెట్టి, ఇదే అసలు కారనుకున్నాను. భుజాలు నొప్పెట్టాయి గాని ప్రతి మలుపులోనూ కారు జారిపోయేది. కారణం తర్వాత బోధపడింది. లాజిటెక్ జి29 వంటి స్టీరింగులో మోటారు బలం సుమారు 2 న్యూటన్ మీటర్లే. ఆట 4 అడిగినా, 3 అడిగినా అది ఇచ్చేది ఆ 2 మాత్రమే. 4 నుంచి 3కు తగ్గిన సంగతి చేతికి అందనే అందదు. జాతరలో మైకు సౌండు పూర్తిగా పెంచితే మాట పగిలిపోతుందే, అలాగన్నమాట. దీని పేరు క్లిప్పింగ్.

కాబట్టి వేగంగా తిరిగే పొడవాటి మలుపులో తెరమీది పట్టీ చూడాలి. అసెటో కోర్సా ఆటలో అది ఎర్రబడితే క్లిప్పింగ్ అవుతున్నట్టే, గెయిన్ తగ్గించాలి. మినిమం ఫోర్స్ అనేది గేర్ల రాపిడిలో పోయే చిన్న బలాలను పైకి తెస్తుంది. ఎక్కువైతే స్టీరింగు నడిమధ్యలో వణుకుతుంది. డ్యాంపింగ్ పెంచితే వణుకు తగ్గుతుంది గాని రోడ్డు కబుర్లూ మునిగిపోతాయి.

నేను గెయిన్ 60కి దించాను. స్టీరింగు తేలికైంది. కారు జారబోతోందని ఇప్పుడు ముందే తెలుస్తోంది.