తన పళ్లు తానే చేసుకునే లేత్

స్క్రూ కొయ్యాలంటే లేత్ కావాలి. ఆ స్క్రూ సరిగ్గా రావాలంటే లేత్‌కే బారుగా ఒక మంచి స్క్రూ ఉండాలి. దాన్ని లీడ్‌స్క్రూ అంటారు. అది తిరుగుతుంటే టూల్‌ని మోసే క్యారేజ్ దాని వెంట జరుగుతుంది, ఆ నడకే కోస్తున్న జాబ్ మీద థ్రెడ్‌గా పడుతుంది. లీడ్‌స్క్రూలో తప్పుంటే దానితో కోసిన ప్రతి థ్రెడ్‌లోనూ ఆ తప్పు ఉంటుంది. మరి మొట్టమొదటి లీడ్‌స్క్రూని ఏ లేత్ మీద కోశారు?

జవాబు కోసం హెన్రీ మాడ్‌స్లే దగ్గరికి వెళ్లాలి. ఆయన 1771లో ఇంగ్లండ్‌లోని వూల్‌విచ్‌లో పుట్టాడు. 18 ఏళ్లకు తాళాలు చేసే జోసెఫ్ బ్రామా దగ్గర పనికి కుదిరి, 1797లో బయటికొచ్చి సొంతంగా వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. 1800 ప్రాంతంలో ఆయన కట్టిన స్క్రూ కోసే లేత్ ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. లేత్‌ని కనిపెట్టింది ఆయనేనని చాలామంది రాసేస్తుంటారు, అది మిగతావాళ్లకు అన్యాయం. ఫ్రాన్స్‌లో వోకాన్సన్ 18వ శతాబ్దం మధ్యలోనే ఇనుప లేత్ కట్టాడు. జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో తన కొలత పరికరాల కోసం మంచి స్క్రూలు కోశాడు. తిరిగే కర్రకు ఉలి పట్టే పద్ధతయితే వేల ఏళ్ల నాటిది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసేవాళ్లు ఈనాటికీ ఉలిని చేత్తోనే పట్టుకుంటారు. కర్రకు ఆ చేయి చాలు. ఇనుముకు చాలదు. మాడ్‌స్లే గొప్పతనం ఏమిటంటే, టూల్‌ని చేతిలోంచి తీసి ఇనుప స్లయిడ్‌కు బిగించి, ఆ స్లయిడ్‌ని లీడ్‌స్క్రూకి, లీడ్‌స్క్రూని గేర్లతో జాబ్‌ని తిప్పే స్పిండిల్‌కి కలిపాడు. గేర్లు మారిస్తే థ్రెడ్ మారుతుంది. విడివిడిగా తెలిసిన విషయాలే, కానీ వర్క్‌షాప్‌లో రోజూ నమ్మకంగా పనిచేసేలా వాటిని ఒకచోట కూర్చింది ఆయనే.

మొదటి స్క్రూ కోసం ఆయన వాడిన ఉపాయం చాలా సరళం. మెత్తటి లోహపు కడ్డీని గుండ్రంగా తిప్పుతూ, పదునైన కత్తిని దానికి కొద్దిగా ఏటవాలుగా ఆనించాడు. కత్తి లోహంలోకి దిగి, కడ్డీ తిరిగిన కొద్దీ తన వాలు వెంట తానే పక్కకు జరుగుతుంది. దాని వెనక మెలికలా గీత పడుతుంది. కత్తి వాలు మారిస్తే పిచ్, అంటే థ్రెడ్‌ల మధ్య దూరం, మారుతుంది. అలా పుట్టించిన స్క్రూల్లోంచి మంచివాటిని ఎంచి, వాటిలోని తప్పులను దిద్దుతూ, ఇంకా మంచి స్క్రూలు కోశాడు. ఒక దశకు వచ్చేసరికి 5 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు, అంగుళానికి 50 థ్రెడ్‌లు ఉన్న స్క్రూ చేశాడు. దాని మీద నడిచే నట్టు పొడవే 12 అంగుళాలు, అంటే అందులో 600 థ్రెడ్‌లు. థ్రెడ్‌ల మధ్య దూరంలో ఏ కాస్త తేడా పేరుకున్నా అంత పొడుగు నట్టు ఆ స్క్రూ మీద నడవనే నడవదు.

స్క్రూలోని కచ్చితత్వం వారసత్వంగా వస్తుంది. ఈరోజు ఏ లేత్ షాపులో బోల్టు కోసినా, అక్కడి లీడ్‌స్క్రూ ఇంకో యంత్రం మీద తయారైంది, ఆ యంత్రం మరొకదాని మీద. లేత్‌లో వారసత్వంగా రాని భాగం కూడా ఒకటుంది. అది క్యారేజ్ జారే బెడ్ చదును. దాన్ని ఏ యంత్రమూ లేకుండా ఎవరైనా మొదటి నుంచి పుట్టించవచ్చు.

ఆ పద్ధతిని లోకానికి వివరించింది మాడ్‌స్లే షాపులోనే పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్. 1840లో గ్లాస్గోలో ఆయన దీనిమీద ప్రసంగించాడు. మూడు పోత ఇనుప పలకలు తీసుకోవాలి. ఒకదానికి పల్చగా రంగు పూసి రెండోదాని మీద ఆనిస్తే, రంగు అంటిన చోటల్లా ఎత్తు అన్నమాట. ఆ ఎత్తులను స్క్రేపర్‌తో గీకెయ్యాలి. రెండే పలకలయితే మోసం జరుగుతుంది: ఒకటి ఉబ్బుగా, ఒకటి గుంటగా ఉండి కూడా చక్కగా అతుక్కుంటాయి. మూడోది వచ్చిందంటే ఆ మోసం సాగదు. మొదటిది రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది మొదటిదానితో కలవాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు. అంతకుముందు పలకల మధ్య ఎమెరీ పొడి వేసి రుద్దేవారు. పొడి తనకు నచ్చిన చోట అరగదీస్తుంది, గీకితే మనం అనుకున్న చోటే లోహం పోతుందని విట్‌వర్త్ వాదన. మరుసటి ఏడాది, 1841లో, ఆయనే 55 డిగ్రీల కోణంతో ప్రామాణిక థ్రెడ్‌ని ప్రతిపాదించాడు.

పాత లేత్‌ని బాగుచేసేటప్పుడు ఈ రెండు రకాల కచ్చితత్వమూ చేతికి తగులుతాయి. ఉదాహరణకు సౌత్ బెండ్ 9 అంగుళాల లేత్‌ని తీసుకుంటాను. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, సౌత్ బెండ్ ఊళ్లో, ఓబ్రయన్ కవల సోదరులు 1906లో పెట్టిన కంపెనీ అది. 1930ల నుంచి వాళ్ల చిన్న లేత్‌లు బడి వర్క్‌షాప్‌లకూ గ్యారేజీలకూ విరివిగా వెళ్లాయి. సుమారు 229 మి.మీ. వ్యాసం వరకు జాబ్ పట్టేది ఈ 9 అంగుళాల మోడల్. ఎంతో ముచ్చటైన యంత్రం. దాన్ని విప్పితే ప్రతి భాగం ఎందుకు ఉందో చూడగానే తెలుస్తుంది. టెయిల్‌స్టాక్ వైపు బెడ్ చివర గుద్దిన సీరియల్ నంబర్‌ని బట్టి అది ఏ కాలానిదో పట్టుకోవచ్చు.

పాత లేత్ కొన్నవాళ్లు చాలామంది ముందు రంగు డబ్బా తెరుస్తారు. నాకది బొత్తిగా నచ్చదు. రంగు పగుళ్లను కప్పేస్తుంది, జారే ముఖాల్లోకి చేరితే కొలతలే తప్పుతాయి. మొదట పట్టాల్సింది సున్నితమైన స్పిరిట్ లెవెల్. బెడ్ అరిగిపోయిందని మూలన పడేసిన లేత్‌లలో కొన్ని నిజానికి మెలి తిరిగినవి. ఎగుడుదిగుడు నేల మీద మంచం వేస్తే ఒక కోడు గాల్లో ఉంటుంది. లేత్‌ని బోల్టులతో బిగించి ఆ కోడును బలవంతంగా దించితే పోత ఇనుప బెడ్డే మెలి పడుతుంది. అప్పుడు క్యారేజ్ ముందుకు వెళ్లిన కొద్దీ టూల్ జాబ్ నుంచి దూరమో దగ్గరో అవుతుంది. టూల్ 0.01 మి.మీ. జరిగితే వ్యాసంలో 0.02 మి.మీ. తేడా వస్తుంది. పరీక్షకు, జాబ్‌ని పట్టే చక్‌లో ఒక కడ్డీ బిగించి, దాని రెండు కొసల్లో రెండు కాలర్లు ఒకే సెట్టింగ్‌తో కొయ్యాలి. మైక్రోమీటర్‌లో రెండూ సమానంగా వచ్చేదాకా పాదాల కింద షిమ్‌లు (పలచటి రేకులు) మార్చాలి. దీనికి ఒక సాయంత్రం పట్టినా, అనవసరమైన ఎన్నో మరమ్మతులు తప్పుతాయి.

నిజంగా అరిగిన బెడ్ అయితే అరుగుదల చక్‌కు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే పని ఎక్కువగా జరిగేది అక్కడే. లీడ్‌స్క్రూ కూడా ఆ వైపే అరుగుతుంది, దూరపు కొస కొత్తదానిలా మెరుస్తుంటుంది. నీలం పూసిన స్ట్రెయిట్ ఎడ్జ్‌ని బెడ్ మీద ఆనించి, రంగు అంటిన చుక్కలను ఒక్కొక్కటే గీకడం చూస్తే, మూడు పలకల పద్ధతి ఇప్పటికీ బతికే ఉందని తెలుస్తుంది. స్క్రేపర్ ఒక గీతకు తీసే లోహం మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. పనికి ఓపిక కావాలి, మోచేతులు నొప్పెడతాయి. కానీ గీకిన ముఖంలో మిగిలే సన్నటి గుంటల్లో నూనె నిలుస్తుంది, క్యారేజ్ ఆ నూనె మీద జారుతుంది.

స్పిండిల్ దగ్గర ఇంకో సంగతి ఉంది. ఈ లేత్‌లలో స్పిండిల్‌ని మోసే హెడ్‌స్టాక్‌లో నూనెను కింది గుంటలోంచి పైకి లాగేది ఊలు ఫెల్ట్ ముక్క. స్ప్రింగ్ దాన్ని స్పిండిల్‌కి ఆనించి పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండిన నూనెతో ఆ ఫెల్ట్ చెక్కలా గట్టిపడుతుంది. బయట నూనె కప్పు నిండుగా కనిపిస్తుంది, లోపల బేరింగ్ ఎండిపోతుంటుంది. అందుకే స్పిండిల్ విప్పితే ఫెల్ట్ మార్చకుండా మూయకూడదు. మళ్లీ బిగించేటప్పుడు స్ప్రింగ్ ఫెల్ట్‌ని పైకి తోసేస్తుంది కాబట్టి, నూనె రంధ్రంలోంచి సన్న తీగ దూర్చి దాన్ని కిందికి నొక్కి ఉంచి, స్పిండిల్ లోపలికి వెళ్లాక తీగ లాగేస్తారు.

ఇక పళ్లు. పాత సౌత్ బెండ్‌లలో తరచుగా కనిపించే గాయం స్పిండిల్ మీది పెద్ద గేర్‌లో రెండు మూడు పళ్లు లేకపోవడం. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చక్ స్పిండిల్‌కి థ్రెడ్‌తో బిగుస్తుంది. అది పట్టేసినప్పుడు, స్పిండిల్ తిరక్కుండా ఉండాలని వేగం తగ్గించే బ్యాక్ గేర్ వేసి, పుల్లీని గేర్‌కి కలిపే పిన్నూ పెట్టి, చక్‌ని పొడవాటి కడ్డీతో గుంజుతారు. ఆ బలమంతా రెండు మూడు పోత ఇనుప పళ్ల మీద పడుతుంది. అవి ఠప్పున విరిగిపోతాయి.

ఈ గేర్‌తో పని నెమ్మది వేగాలకే. బ్యాక్ గేర్ లేని నేరు డ్రైవ్‌లో బెల్టు పుల్లీ పిన్ ద్వారా గేర్‌తో కలిసి తిరుగుతుంది, పళ్లు దేనినీ కరవవు. కాబట్టి పళ్లు ఊడిన లేత్ కూడా మిగతా వేగాల్లో శుభ్రంగా తిరుగుతుంది. తన గేర్‌కి కావాల్సిన కొత్త రింగ్‌ని అదే లేత్ తన చక్‌లో తానే టర్న్ చేసుకోగలదు. ఆ తర్వాతే స్పిండిల్ విప్పి, పాత గేర్ పళ్లను మొదళ్ల దాకా తీసేసి, రింగ్‌ని బిగుతుగా ఎక్కించి, పిన్నులు కొట్టి, కొత్త పళ్లు కొయ్యాలి.

పళ్ల కొలత తెలుసుకోవడానికి విరిగిన గేరే చాలు. పళ్లు లెక్కపెట్టాలి, విరిగినవాటి చోటునూ కలపాలి. బయటి వ్యాసం కొలవాలి. 56 పళ్ల గేర్ అనుకుందాం, వ్యాసం 81.84 మి.మీ. వచ్చిందనుకుందాం. పళ్ల సంఖ్యకు రెండు కలిపి, వచ్చిన 58ని అంగుళాల్లోని వ్యాసం 3.222తో భాగిస్తే 18 వస్తుంది. అంటే డయామెట్రల్ పిచ్ (వ్యాసంలో అంగుళానికి పడే పళ్ల లెక్క) 18. థ్రెడ్ కోసం ఈ లేత్‌లో మార్చే గేర్లది కూడా అదే పిచ్, పళ్ల కోణం 14.5 డిగ్రీలు. మన ఊళ్ల దుకాణాల్లో సులువుగా దొరికే మెట్రిక్ మాడ్యూల్ కటర్‌తో సరిపెడదామంటే కుదరదు. 18 పిచ్ మాడ్యూల్‌లో 1.411 అవుతుంది. 1.5 మాడ్యూల్ పన్ను దాని పక్కన లావు, కోణం కూడా వేరు. బలవంతంగా కలిపితే గేర్ రోదిస్తూ తిరిగి మిగిలిన మంచి పళ్లనూ తినేస్తుంది. 18 పిచ్ కటర్లలో 55 నుంచి 134 పళ్ల వరకు కోసేది రెండో నంబర్ కటర్, మన 56కి అదే. పన్ను లోతు 3.04 మి.మీ. చుట్టును సమాన భాగాలుగా పంచే డివైడింగ్ హెడ్ పిడి 40 చుట్లు తిరిగితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 56 పళ్లకు ఒక్కో పన్నుకు 40లో 56వ వంతు, అంటే ఏడింట అయిదు వంతుల చుట్టు. 21 రంధ్రాల వలయంలో 15 రంధ్రాలు జరపాలి. చివరి పన్ను మొదటి పన్ను పక్కన సరిగ్గా వచ్చి కూర్చుంటే పని గెలిచినట్టే. మధ్యలో ఒక్క రంధ్రం లెక్క తప్పినా ఆ రింగ్ పారేయాల్సిందే.

గేర్ కొయ్యడం వస్తే ఇంకో చోటా పనికొస్తుంది. ఈ అమెరికన్ లేత్ లీడ్‌స్క్రూ అంగుళానికి 8 థ్రెడ్‌లది, పిచ్ 3.175 మి.మీ. మన దగ్గర నడిచే ఎం8 బోల్టుకు 1.25 మి.మీ. పిచ్ కావాలి. ఆ రెంటి నిష్పత్తి 127కి 50. ఆ 127 ప్రధాన సంఖ్య కావడంతో ఏ చిన్న గేర్ల జతతోనూ దాన్ని తప్పించుకోలేం. మామూలు డివైడింగ్ పలకల్లో 127 రంధ్రాల వలయం ఉండదు, అందుకే ఆ గేర్ చెయ్యడం తలనొప్పి. నేనైతే 63 పళ్ల గేర్ చేయమంటాను. మిగతా 2కి 1 నిష్పత్తిని మామూలు గేర్లకు వదిలి, 127కి 100 కావాల్సిన చోట 80కి 63 వేస్తే తేడా లక్షలో పన్నెండున్నర వంతులే. ఆ తేడాతో 1.25 పిచ్ కాస్తా 1.25016 అవుతుంది. పది థ్రెడ్‌ల నట్టులో పేరుకునే తప్పు 0.002 మి.మీ. కూడా ఉండదు. 90కి ఒకటి నిష్పత్తి ఉన్న రోటరీ టేబుల్ మీద 63 పళ్లు సులువుగా వస్తాయి: ఒక్కో పన్నుకు ఒక నిండు చుట్టు, పైన 21 రంధ్రాల వలయంలో 9 రంధ్రాలు. ఇన్‌స్ట్రుమెంట్ స్క్రూలకయితే ఇది చాలదు, వాటికి అసలైన 127 పళ్ల గేరే వేయాలి.

ఈ గేర్లతో మెట్రిక్ థ్రెడ్ కోసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. అంగుళాల థ్రెడ్‌కైతే క్యారేజ్‌ని లీడ్‌స్క్రూకి పట్టించే హాఫ్ నట్‌ని ప్రతి కోతకూ విప్పి, క్యారేజ్‌ని చేత్తో వెనక్కి తెచ్చి, థ్రెడ్ డయల్ గీత చూసి మళ్లీ మూయవచ్చు. మెట్రిక్‌లో అలా చేస్తే టూల్ పాత గాడిలో పడదు. మొదటి కోతకు మూసిన హాఫ్ నట్‌ని చివరి కోత దాకా అలాగే ఉంచి, ప్రతిసారీ టూల్‌ని వెనక్కి తీసి, మోటార్‌ని రివర్స్‌లో తిప్పి క్యారేజ్‌ని మొదటి చోటికి తెచ్చుకోవాలి.