ఆహార చీటీ – పరిమాణపు లెక్క

మధుమేహ రోగులకు ‘అన్నం తగ్గించి కూరలు పెంచండి’ అని వైద్యులు సూచించడం సర్వసాధారణం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు లంక గ్రామాల కూలి కుటుంబాలకు ఈ సూచన ఎంతవరకు సాధ్యమో తెలియాలంటే దానిని కిలోలలోకి మార్చి చూడాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కిలోకేలరీల దినసరి ఆహారంలో ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ఆహార భద్రతా చట్టం (2013) కింద తలకు నెలకు లభించే 5 కిలోల బియ్యం ధాన్యపు అవసరంలో దాదాపు మూడింట రెండు వంతులు తీరుస్తుంది. కూరగాయలు మాత్రం నలుగురున్న కుటుంబానికి నెలకు 48 కిలోలు కావాలి, అవన్నీ కొనవలసినవే. కూలి దొరకని నెలలో మొదట తగ్గేవి ఇవే.

సలహాతోపాటు ఆహారమూ అందితే ఫలితం ఉంటుంది. జార్ఖండ్‌లో 2019–22 మధ్య జరిగిన పరిశోధనలో క్షయ రోగుల కుటుంబ సభ్యులకు నెలనెలా ఆహారం అందించగా, వారిలో కొత్తగా క్షయ సోకడం సుమారు 39 శాతం తగ్గింది.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు వైద్యుల చీటీని పెరటి సాగుతో అనుసంధానించాలి. తోటకూర విత్తిన నెల రోజులకే కోతకు వస్తుంది. మునగకు గట్టుపై కొద్దిపాటి చోటు చాలు. పెరడు లేనివారికి యజమానుల అంగీకారంతో చెరువు గట్లపై ఉమ్మడి మళ్లు వేయించవచ్చు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి పొటాషియం పరిమితి ఉండవచ్చు కనుక పరిమాణాన్ని వైద్యుడే నిర్ణయించాలి. ఆ పరిమాణం ఏ మడి నుండి లభిస్తుందో మనం నిర్ణయించాలి.