మంగళవారపు మల్లయుద్ధము

మంగళవారమునాటి యుదయమున మా యింట పిల్లలను నిదురలేపవలసిన పని లేదు. తక్కిన దినములలో మూడుమారులు పిలిచినను కదలని మా పెద్దవాడు ఆనాడు మాకంటె ముందే మేల్కొని, మావారి ఫోను చేతబట్టుకొని మూల గూర్చుండును. అమెరికాలో సోమవారము రాత్రి జరుగు 'రా' అను కుస్తీ ప్రదర్శనము మనకు మంగళవారము ప్రొద్దుట చేరును. తిరుమలగిరి వంటి యూర, పొయ్యిమీది పాలు పొంగకమునుపే, సముద్రముల కావలి మల్లులు మా నడవలో కలియబడుచుందురు.

ఈ వేడుకను మేము చాలకాలము లెక్కచేయలేదు. ఒకనాడు మాత్రము విసిగి, "అదంతా బూటకమురా! ఎవరికిని దెబ్బ తాకదు. నీ లెక్కలు చూచుకో" అని మందలించి వంటయింటికి బోతిమి. ఆ యొక్కమాట మా యింట నెంతపని చేసెనో చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

వారము తిరుగలేదు. మధ్యాహ్నము మేము బియ్యము చెరుగుచుండగా లోపలినుండి చిన్నవాని కేక వినవచ్చెను. పెద్దవాడు మంచమెక్కి, మోచేయి ముందునకు జాచి, చాపపై పండుకొనియున్న తమ్మునిమీదికి దుమికెను. ఆరేండ్ల పసివాని భుజమునొద్ద ఎముక చిట్లెను. వైద్యుడు చేతికి కట్టు కట్టుచుండగా పెద్దవాడు వెక్కివెక్కి యేడ్చుచు, "నువ్వే గదమ్మా దెబ్బ తాకదంటివి! ఆడ అందరు మల్ల లేస్తరు గద!" అనెను. ఆ మాటకు మాకు బదులు తోచలేదు. తప్పు వానిది కాదు; సగము తెలిసి పలికిన మాది. ఆ మిగిలిన సగమును పిదప తెలిసికొంటిమి.

ఈ కుస్తీలో ఎవరు గెలువవలెనో, ఎవరు ఓడవలెనో ముందుగనే నిర్ణయింతురు. కథ వ్రాయువారు వేరుగ నుందురు. దీనిని నడపు సంస్థవారే 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు శాసనసభ్యులయెదుట, ఇది పోటీ కాదు, వినోదమే యని యొప్పుకొనిరి. ఆటల పోటీలపై గల ప్రభుత్వపు కట్టుబాట్లనుండి తప్పించుకొనుటయే అందులోని యాంతర్యము. ఇంతవరకు మేమనిన 'బూటకము' సరియే. కాని పడుట మాత్రము బూటకము కాదు. ఆ మల్లులు పడునది ఇనుప దూలములపై పరచిన చెక్కపలకలమీద. పైన పలుచని మెత్తయు, దానిపై గుడ్డయు నుండును. గడ్డమును రొమ్మున కానించి, తల నేలకు తగులనీయక, వీపంతయు నొకేమారు ఆనునట్లు, అరచేతులతో నేలను చరచుచు పడుటను వారు ఏండ్లతరబడి యభ్యసింతురు. ఎత్తి వేయువాడు శత్రువువలె కనబడును గాని, నిజమునకు ఎదుటివాని మెడను కాపాడు బాధ్యత వానిదే. ఆ కాపుదల ఒక్క క్షణము తప్పినచో నేమగునో 1999 అక్టోబరులో కనబడెను. డారెన్ డ్రాజ్‌డావ్ అను మల్లుడు ఎన్నోమారులు చేసిన పట్టులోనే తప్పిపడి మెడ విరిగి, 2023లో మరణించువరకు కాలుసేతులు స్వాధీనము లేక జీవించెను. ఆ ఆటలో అందరును మరల లేవరు.

మరి ఈ యాట మన గడపదాక ఎట్లు వచ్చినది? బలప్రదర్శనము కడలి దాటుట క్రొత్త కాదు. ఉత్తరాంధ్రమున వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు సర్కసు నెలకొల్పి, తమ బలమును విదేశములందు సహితము చూపి వచ్చిరి. అప్పుడు మనిషి పోయెను. ఇప్పుడు మనిషి కదలకయే యాట పోవుచున్నది. 'రా' ప్రదర్శనము 1993 జనవరి 11వ తేదీన న్యూయార్కు నగరమున గంటసేపటి యాటగ మొదలై, 2012 నాటికి మూడు గంటలదయ్యెను. 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ దీనిని పదియేండ్లకు 500 కోట్ల డాలర్లకు పైగా నిచ్చుటకు ఒప్పుకొనెను. 2025 జనవరి 6వ తేదీనుండి అమెరికా మొదలగు దేశములలోను, ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశములోను ఆ మార్గముననే చూపుచున్నారు.

పరదేశమునకు బోవు ఆట ఆయా దేశములకు తగినట్లు వేషము మార్చుకొనును. 2017 మే నెలలో షికాగో నగరము చెంత జిందర్ మహల్ అను పంజాబీ సంతతివాడు ఇదే సంస్థవారి ప్రధాన బిరుదును గెలిచినట్లు కథ నడపిరి. అతడు కెనడాలో పుట్టినవాడు. అమెరికావారు ఛీకొట్టుటకు తగిన దుష్టపాత్ర అతనికిచ్చిరి. ఆ డిసెంబరులోనే అతనిని ఢిల్లీ నగరమున భారతీయుల యెదుట ఆడించిరి. సౌదీ దేశమున 2018లో స్త్రీల కుస్తీ లేకయే ప్రదర్శనములు జరిగెను. 2019 అక్టోబరు 31వ తేదీన రియాద్ నగరమున మొదటిసారిగ ఇద్దరు స్త్రీలు ఒడలంతయు కప్పుకొని పోరాడిరి. వారిలో నొకతెయగు నటాల్యా 2023 సెప్టెంబరు 8వ తేదీన మన హైదరాబాదులో, గచ్చిబౌలి బాలయోగి క్రీడామందిరమున, రియా రిప్లీతో తలపడి యోడెను. కనుక, ఫలానా దేశపువాడు దుష్టుడు, ఫలానా జాతివాడు మోసగాడు అని పిల్లలు ఈ యాటనుండి నేర్చుకొన్నచో అది వేషమును నిజమనుకొనుటయే.

మా యాడబిడ్డ కుమారుడు హైదరాబాదున ఆ యాట చూచివచ్చెను. "అత్తమ్మా, టీవీలో ఆ చప్పుడు తెల్వదు. మనిషి పలకలమీద పడ్తె నా గుండెల కొట్టినట్లయింది" అనెను. ఆ మాట మమ్ము మిక్కిలి యాలోచింపజేసెను. మా ప్రాంతమున చిందు భాగవతము ఆడినపుడు హిరణ్యకశిపుని గర్జన విని పసివారు తల్లుల కొంగుల చాటున దాగుదురు. తెల్లవారి ఆ హిరణ్యకశిపుడే రంగు కడుగుకొని, నడుము పట్టుకొనుచు, అంగడియొద్ద టీ త్రాగుచుండును. అది చూచిన పిల్లవానికి రెండు సంగతులును బోధపడును: వేషము వేషమే, నడుమునొప్పి నిజమే. దూరమునుండి వచ్చు ఆటలో మనకు రాత్రి మాత్రమే వచ్చును. తెల్లవారి మొగము రాదు. ఆ మొగమును చూపవలసినది తల్లియే.

పిల్లలను చూడవద్దని కట్టడి చేసిన తల్లులును గలరు. చేయవచ్చును, కాని పొరుగింట చూతురు. మేమిప్పుడు చేయుచున్నది చెప్పెదము. వారమున కొక్కటి రెండు ఆటలు పిల్లలతో గూర్చుండి చూచుచున్నాము. కథ ముందే వ్రాసినదనియు, దెబ్బ మాత్రము నిజమనియు రెండును కలిపియే చెప్పుచున్నాము. మెడ పట్టుట, ఎత్తి వేయుట, మంచముమీదనుండి దుముకుట మా యింట బొత్తిగ కూడదని నియమము. బలము చూపగోరు పిల్లలకు బడి మైదానమున చెడుగుడు కలదు. మావారు సాయంకాలము దగ్గరనుండి ఆడించుచున్నారు. తమ్ముని చేయి కుదురుపడినది. అన్న ఇప్పుడు ఆట చూచుచు, "అమ్మా, చూడు, వాని తల నేలకు తాకకుంట ఎట్ల పట్టుకున్నడో!" అని మాకే చూపుచున్నాడు. ఎవడు గెలిచెనని గాక, ఎవడు ఎవనిని కాపాడెనని చూచుచున్నాడు.

శ్రీమద్భాగవతమున కంసుని రంగస్థలమందు చాణూరముష్టికులతో రామకృష్ణులు పోరునపుడు, సభలోని పురుషులు వేడుక చూచుచుండగా, ఈ పోరులో బలాబలములు సరికావనియు, ఇది ధర్మము గాదనియు మొట్టమొదట వాపోయినవారు మధురానగర స్త్రీలే. వారు మొగము త్రిప్పుకొని పోలేదు. చూచిరి, చూచినదానిని పలికిరి. మన నడవలోనికి వచ్చిన ఈ మల్లరంగమునెదుట మనకును ఆ పనియే కలదు. "బూటకము" అని యొక్కమాట విసరి వంటయింటికి బోవుట మాత్రము చాలదని, పసివాని భుజము మాకు నేర్పినది.