చెన్నపట్నంలో బస: గది అద్దె కన్న ముందు రైలు దారి చూడవలెను

సరిహద్దు మండలాల కుటుంబాలకు చెన్నపట్నం కేవలం చూడదగిన నగరం కాదు. పెద్దాసుపత్రికి, కంటి శస్త్రచికిత్సకు, పిల్లల ప్రవేశ పరీక్షలకు, పెళ్లి చీరలకు, విదేశాలకు వెళ్లే బిడ్డను సాగనంపుటకు మనవారు పోయేది అక్కడికే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు పాలన విడిపోయినది, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అవతలి రాష్ట్రంలో కలిసినది. అయినను అవసరాల దారి మాత్రం మారలేదు. ఇన్ని తరాలుగా పోయి వస్తున్నా, బస విషయంలో మనవారు అడిగే మొదటి ప్రశ్న "గది అద్దె ఎంత?" అనియే. "అక్కడి నుండి పనిచోటుకు ఎట్లా పోవలెను?" అన్నది గదిలో సామాను దించిన తరువాత గాని గుర్తుకు రాదు. ఈ రెండు ప్రశ్నల వరుసను తారుమారు చేయవలెనని చెప్పుటకే ఈ వ్యాసం.

ఐరోపా దేశాలలో సెలవులకు బయలుదేరే కుటుంబాలు పెద్ద నగరం నడిబొడ్డున ఖరీదైన గది తీసుకొనక, ఊరి వెలుపల గుడారాలకు కేటాయించిన స్థలంలో దిగి, పగలంతా రైలులోనో ట్రామ్‌లోనో నగరం చూచి రాత్రికి తిరిగి వచ్చుట సాధారణం. స్థలం ఎంచుకొనేటప్పుడు వారు చూచేది నీడను, నీటిని మాత్రమే కాదు. స్టేషను ఎంత దూరం, చివరి బండి ఎన్ని గంటలకు అన్నవి కూడా. చెన్నపట్నంలో అట్టి గుడారాల వసతిని నమ్ముకొని కుటుంబంతో పోదగదు. మెరీనా ఇసుకలో రాత్రి పడుకొనుటకు పోలీసులు ఒప్పుకొనరు. ఎండ, దోమలు, ఉక్కపోత సంగతి సరే సరి. అయితే వారు పాటించే సూత్రం మాత్రం మనకు అక్షరాలా పనికివస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అయిదుగురు కుటుంబ సభ్యులు మూడు రోజులు ఉండవలసి ఉన్నదనుకొనండి. రైలు స్టేషనుకు దూరంగా ఉన్న గది రోజుకు 400 రూపాయలు తక్కువ. మూడు రోజులకు మిగిలేది 1200. అయిదుగురు ఒక ఆటోలో పట్టరు గనుక రెండు ఆటోలు కావలెను. ఒక్కొక్కదానికి 250 చొప్పున పోను 500, రాను 500. మొదటి రోజు సాయంత్రానికే మిగులులో వేయి రూపాయలు హరించినవి, రెండవ రోజు నుండి చేతి సొమ్మే. ఇవి ఊహించి వేసిన అంకెలే కాని, వరుస ఇట్లాగే ఉంటుంది. ఇక రద్దీలో చిక్కుకొని ఆసుపత్రి టోకెను వేళ తప్పిపోతే ఆ నష్టాన్ని ఏ లెక్కలో వేయగలం?

చెన్నపట్నం లోకల్ రైళ్ల అమరిక తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్లే. దానిని అరచేతిలోని మూడు వేళ్లుగా ఊహించుకొనవచ్చును. ఉత్తరపు వేలు సెంట్రల్ నుండి తిరువొత్తియూరు, ఎన్నూరు, మీంజూరు, పొన్నేరి మీదుగా గుమ్మిడిపూండి చేరుతుంది. అక్కడితో ఆగక కొన్ని బండ్లు ఆరంబాక్కం, తడ దాటి మన సూళ్లూరుపేట వరకు వస్తాయి. పడమటి వేలు పెరంబూరు, విల్లివాక్కం, అంబత్తూరు, ఆవడి, తిరువళ్లూరు మీదుగా అరక్కోణం పోతుంది. దక్షిణపు వేలు బీచ్ స్టేషనులో మొదలై పార్కు, ఎగ్మూరు, నుంగంబాక్కం, మాంబళం, గిండి, తాంబరం మీదుగా చెంగల్పట్టు చేరుతుంది. బీచ్-తాంబరం మధ్య విద్యుత్ రైళ్లు 1931లోనే మొదలైనవి. దక్షిణ భారతంలో అంత పాత విద్యుత్ లోకల్ మరొకటి లేదు.

మనవారికి ముఖ్యమైన సంగతి ఏమనగా, మన దిక్కు నుండి పోయే రెండు వేళ్లూ సెంట్రల్ వద్ద ముగుస్తాయి, నగరంలోని ఆసుపత్రులు, అంగళ్లు అధికభాగం దక్షిణపు వేలి వెంట ఉన్నవి. ఈ రెండింటిని కలిపే చోటు పార్కు స్టేషను. సెంట్రల్ ఎదుట పెద్ద రోడ్డుకు అవతలి పక్కన ఉన్నది. రోడ్డు మీద పరుగెత్తక భూగర్భ మార్గంలో దాటవలెను. అక్కడే పార్కు టౌన్ అని మరొక స్టేషను ఉన్నది. అది మెరీనా వైపుగా వేళచ్చేరికి పోయే ఎత్తుపట్టాల రైలుది. పేరు ఒకటేనని భ్రమపడి ఒక దానికి బదులు మరొకటి ఎక్కేవారు కొల్లలు. లోకల్ బండ్లు ఆగేది సెంట్రల్ ప్రధాన భవనంలో కాదు, పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో. 1985లో కాలిపోయిన పాత మూర్ మార్కెట్ పేరు ఆ విధంగా మిగిలినది.

ఈ అమరికను బట్టి చూస్తే, ఆసుపత్రి పని మీద పోయే కుటుంబానికి సెంట్రల్, ఎగ్మూరు స్టేషన్ల మధ్య, అనగా పెరియమేడు, ఎగ్మూరు ప్రాంతాలలో గది చూచుకొనుట అన్నింటి కన్న మేలని నా అభిప్రాయం. రాజీవ్ గాంధీ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి సెంట్రల్ ఎదుటనే ఉన్నది. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి ఎగ్మూరు స్టేషను దగ్గర. శంకర నేత్రాలయానికి నుంగంబాక్కంలోగాని ఎగ్మూరులోగాని దిగితే మిగిలినది కొద్దిపాటి ఆటో ప్రయాణమే. గదులు ఇరుకు, వీధులలో సందడి ఎక్కువ, నిజమే. కాని అర్ధరాత్రి రోగికి ఏమైనా అయితే పది నిమిషాలలో వైద్యుని ముందు ఉండవచ్చును.

చీరలు, నగలు కొనేవారు త్యాగరాయ నగర్‌లోనే దిగవలసిన పని లేదు. మాంబళం స్టేషను నుండి రంగనాథన్ వీధి నేరుగా అంగళ్లలోకి తీసుకుపోతుంది. ఎగ్మూరులో ఉండి లోకల్‌లో పోయి రావచ్చును. దీపావళి ముందు ఆదివారాలలో మాత్రం చిన్నపిల్లలతో ఆ వీధిలోకి పోవద్దు.

నాలుగు రోజులు, వారం రోజులు ఉండవలసినవారు ఆవడి, అంబత్తూరు వైపు చూడవచ్చును. అద్దెలు తక్కువ, పడమటి వేలి మీద బండ్లు ఎక్కువ. స్టేషనుకు నడిచి పోయేంత దూరంలో గది దొరికితేనే సుమా! అక్కడ కూడా ఒక మెలిక: వేగంగా పోయే లోకల్ బండ్లు చిన్న స్టేషన్లలో ఆగవు. గుమ్మిడిపూండి వైపు బండ్ల మధ్య ఎడం ఎక్కువ, గుమ్మిడిపూండి దాటి సూళ్లూరుపేటకు వచ్చేవి మరీ తక్కువ. తడ, సూళ్లూరుపేట వారు ఒక్క రోజు పనికి ఇంటి నుండే పోయి రావచ్చును గాని, తిరుగు బండి వేళ ముందే వ్రాసుకొనవలెను. నగరి, పుత్తూరు వారికి తిరుపతి-చెన్నై బండ్లు, కుప్పం వారికి కాట్పాడి మీదుగా పోయే బండ్లు సెంట్రల్‌కే చేరుస్తాయి. కనుక వారికీ పై మాటలే వర్తిస్తాయి.

బస్సులో పోయేవారి పరిస్థితి వేరు. కోయంబేడు బస్ స్టాండు 2002లో వచ్చినది. 2018లో ఆంధ్ర, తెలంగాణ వైపు బస్సులకు మాధవరంలో వేరే స్టాండు కట్టినారు. 2023 డిసెంబరు 30న దక్షిణాది బస్సుల కొరకు కిలాంబాక్కం ప్రారంభమైనది. కావున "మద్రాసు బస్ స్టాండు" అని ఒక్క మాటలో చెప్పుకొనే కాలం పోయినది. ఎక్కేటప్పుడే కండక్టరును "చివరి స్టాపు ఏది?" అని అడగవలెను. మాధవరంలో దిగి మదురై పోదలచిన వారికి నగరమంతా అడ్డంగా దాటవలసి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ప్రవేశపెట్టిన ఉచిత బస్సు ప్రయాణం రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. సత్యవేడులో ఎక్కిన అక్కచెల్లెళ్లు చెన్నైకి టికెట్టు కొనవలసినదే.

మెట్రో రైలు 2015 జూన్ 29న ఆలందూరు-కోయంబేడు మధ్య మొదలైనది. నేడు ఒక మార్గం వింకో నగర్ నుండి విమానాశ్రయానికి, మరొకటి సెంట్రల్ నుండి కోయంబేడు మీదుగా సెయింట్ థామస్ మౌంట్‌కు పోతున్నది. రెండూ కలిసేది సెంట్రల్‌లోను, ఆలందూరులోను. ఛార్జీ లోకల్ కన్న ఎక్కువే. అయినా మోకాళ్ల నొప్పులున్న అవ్వనో, కట్టు కట్టించుకొన్న రోగినో తీసుకుపోయేటప్పుడు మెట్రోకే ఓటు వేస్తాను, స్టేషన్లలో లిఫ్టులున్నవి. పాత లోకల్ స్టేషన్లలో వంతెన మెట్లు ఎక్కి దిగుటయే పెద్ద పరీక్ష.

భాష విషయమై కొన్ని మాటలు. మన ప్రాంతంలో తమిళం మాటలాడేవారు చాలామంది, చదవగలిగినవారు కొద్దిమంది. పలకల మీద "తంగుం విడుది" అని ఉంటే బస చేసే చోటు. మన "విడిది"యే అది. అయితే "మాణవర్ విడుది" అంటే విద్యార్థుల హాస్టలు, గది ఇవ్వరు. "ఉణవగం" భోజనశాల మాత్రమే. రైలు పెట్టె మీద "మగళిర్" అని ఉంటే స్త్రీలది, పురుషులు ఎక్కరాదు. "ముదల్ వగుప్పు" మొదటి తరగతి. మామూలు టికెట్టుతో ఎక్కితే జరిమానా. "వెళియే" బయటకు పోయే దారి. "తెరు" అనగా వీధి, మన "తెరువు"కు చుట్టమే. "శాలై" మాత్రం పెద్ద రోడ్డు. అందుకని పాఠశాల అనుకొని వెదకరాదు.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదల సంగతి అందరికీ తెలిసినదే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాడు బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్పాడి మధ్య వంతెన వద్ద నీరు పెరిగి సెంట్రల్‌కు వచ్చే బండ్లు నిలిచిపోయినవి. మన వైపు నుండి పోయే ఉత్తర, పడమటి మార్గాలు రెండూ బేసిన్ బ్రిడ్జి గుండానే సెంట్రల్ చేరవలెను గదా! కనుక వర్షకాలంలో శస్త్రచికిత్స తేదీ గాని, పరీక్ష గాని ఉంటే ముందు రోజే పోయి సెంట్రల్‌కు ఇవతల ఆవడిలో కాక అవతల ఎగ్మూరు వైపు బస చేయవలెను. వేసవిలో ఈ జాగ్రత్త అక్కరలేదు.

సొంతంగా వ్యాను మాటలాడుకొని పోయేవారు డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకొనునో, బండి ఎక్కడ నిలుపునో లాడ్జి వారిని ముందుగా అడిగి తెలుసుకొనవలెను. పెరియమేడు సందులలో బండి నిలుపుట కష్టం. వ్యానులో పోయేవారికి శివారు బసయే సుఖం; బండిని అక్కడే ఉంచి రైలులో పోవచ్చును.

గదికి ఫోను చేసినప్పుడు "స్టేషను దగ్గరే" అన్న మాటను నమ్మి ఊరుకొనక, "నడిచి పోతే ఎన్ని నిమిషాలు?" అని అడగండి. గది లెక్క దిగిన గంట నుండి ఇరవై నాలుగు గంటలా, లేక మధ్యాహ్నం పన్నెండుకు ముగుస్తుందా అన్నది కూడా అడగవలెను. తెల్లవారుజామున అయిదింటికి దిగేవారికి రెండవ పద్ధతిలో ఒక పూటకే ఒక రోజు అద్దె పడుతుంది. పెద్దలందరూ గుర్తింపు కార్డు తీసుకుపోవలెను. సెంట్రల్‌లో రైల్వే వారి విశ్రాంతి గదులు రైలు టికెట్టు ఉన్నవారికే ఇస్తారు. ఆదివారం లోకల్ బండ్లు తక్కువ నడుస్తాయి కాబట్టి, ఆదివారం తిరుగు ప్రయాణం పెట్టుకొనేవారు సెలవు రోజుల వేళల పట్టికను స్టేషనులో ముందు రోజే చూచి వ్రాసుకొనడం మంచిది.